ఒక్క కన్నం వదల్లేదు

ఆ ఏడు ఏప్రిల్ నెలాఖరున, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా మామగారు ఆర్వో ఇంకా కరగని మంచును తొక్కుకుంటూ తన బండి వెనక ఒక చక్రాల ఇంటిని తగిలించుకొచ్చి మా పెరట్లో నిలబెట్టాడు. నన్నొక మాట అడిగిన పాపాన పోలేదు. గనిలో తనతో పనిచేసి, పోయిన శరదృతువులో చచ్చిపోయిన ఎమిల్‌ది అట ఆ ట్రైలర్. పద్దెనిమిదేళ్ళ పాతది. ఎమిల్ భార్య వదిలించుకుంటానంటే ఈయన తగిలించుకొచ్చాడు.

"ఇక పిల్లలు సరస్సు ఒడ్డున తడి నేల మీద పడుకోనక్కర్లేదమ్మాయ్," అన్నాడు, బుగ్గలోని పొగాకు ముద్దను ఇటు నుంచి అటు తిప్పుతూ. "డేరా బతుకు అయిపోయింది. మీకు నలుగురికీ మంచాలు. నాకొక మూల."

ఆ చివరి మాటే నాకు గొంతులో ముల్లులా దిగింది. ఆర్వో నోట్లో పొద్దుటి నుంచి పడుకునే దాకా పొగాకు ఉంటుంది. చేతిలో ఖాళీ కాఫీ డబ్బా ఉంటుంది, అందులోకే ఉమ్మేస్తాడు. ఒకే జేబురుమాలుతో ముక్కు, మొహం, చేప కత్తి తుడుస్తాడు. నేనేమో బడి వంటశాలలో మూడు వందల మంది పిల్లలకు వండిపెట్టేదాన్ని. నాది శుభ్రం పిచ్చి అని మా ఆయన రస్సెల్ అంటాడు. పిచ్చేం కాదు, నా ముక్కు పనిచేస్తుంది, అంతే.

తలుపు తీయగానే ఆ ముక్కు మీద గుద్దినట్టయింది. ఎలుక ఉచ్చ, పాత సిగరెట్ పొగ, బూజు, వాటన్నిటి కింద ఇంకేదో కుళ్ళు. నేలంతా నారింజరంగు బొచ్చు తివాచీ, అందులో లేడి వెంట్రుకలు. సొరుగు లాగితే ఎమిల్ వేట లైసెన్సు చిట్టీలన్నీ ముక్కలు ముక్కలుగా కొరికి కట్టిన గూడు. పరుపు ఎత్తితే నల్ల జీలకర్ర ఒలికినట్టు ఎలుక పెంటికలు. చిన్న ఫ్రిజ్ తెరిచాను. లోపల ఒక ప్లాస్టిక్ గిన్నె, గిన్నెలో నల్లగా చిక్కగా ఏదో కరిగిపోయి ఉంది.

"ఇదేమిటి మామయ్యా?"

"జలగలు. చేపలకి ఎర. పోయిన సెప్టెంబరులో పెట్టుంటాడు ఎమిల్."

"ఎమిల్ పోయి ఆర్నెల్లయింది!"

"ఆ సంగతి జలగలకి తెలీదుగా అమ్మాయ్."

నేను ట్రైలర్ వెనక్కి పరిగెత్తి, తిన్నదంతా మంచులో కక్కేశాను. తిరిగొచ్చి ఈ పెంట నా పెరట్లో ఒక్క పూట ఉండడానికి వీల్లేదని చెప్పేద్దామనే అనుకున్నాను. కానీ అప్పటికే ఎనిమిదేళ్ళ మా కైసా పై మంచం ఎక్కి కూర్చుంది. కింది మంచం తనదేనని ఐదేళ్ళ డెల్ బూట్లు విడిచి మరీ పడుకున్నాడు. వాళ్ళ మొహాలు చూసి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాను. పిల్లలు పడుకోవాలంటే ఇది కడగాలి. కడగాల్సింది ఎవరో అడగనే అక్కర్లేదు.

మే మొదటి రెండు వారాలూ నాకు వేరే లోకం లేదు. బడి నుంచి రాగానే ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, బకెట్లో బ్లీచింగ్ నీళ్ళు. గోడ మీద తడి గుడ్డ వేస్తే చాలు, పద్దెనిమిదేళ్ళ సిగరెట్ పసరు కషాయంలా మోచేతుల దాకా కారేది. తివాచీ పీకితే అడుగున ఏ జంతువుదో దవడ ఎముక దొరికింది. పొయ్యి మీద కొవ్వును కత్తితో పొరలు పొరలుగా గీకాను. మగాళ్ళిద్దరూ పెరట్లో మడతకుర్చీలు వేసుకుని బీరు తాగుతూ సలహాలు చెప్పేవాళ్ళు.

"మార్లిస్, ఆ మూల ఇంకా కాస్త మిగిలింది," అనేవాడు రస్సెల్.

"నీ నాలుక కూడా కాస్త పొడుగ్గానే మిగిలింది. దాంతో వచ్చి తుడువు," అనేదాన్ని.

ఒక్క మాట మాత్రం నిజం చెప్పుకోవాలి: మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేసింది రస్సెలే. జాతర మైదానం పక్కన మురుగు వదలడానికే కట్టిన గుంట దగ్గరికి లాక్కెళ్ళి గొట్టం తగిలించాడు. చలికాలమంతా గడ్డకట్టి ఉన్న ఎమిల్ వేట స్నేహితుల ప్రసాదం ఒక్కసారిగా కదిలి, గొట్టం ఊడి, మా ఆయన బూట్ల నిండా పడింది. ఇంటికి బట్టల్లేకుండా గోనెపట్టా చుట్టుకుని వచ్చాడు. ఆర్వో ఒక పూటంతా నవ్వాడు. నేను రెండు రోజులు రస్సెల్‌ను నా పక్కన పడుకోనివ్వలేదు.

ఇక ఆర్వో చేసింది ఒకే ఒక పని. ఒక శనివారం పొద్దున్నే వచ్చి హీటరును విప్పదీసి, ప్రతి ముక్కా కుంచెతో దులిపి, మళ్ళీ బిగించి, వెలిగించి, నేల మీద బోర్లా పడుకుని గంటసేపు ఆ మంటనే చూశాడు.

"నీలంగా మండుతోంది. భేష్," అన్నాడు. "ఇది నేను చూసుకున్నా. దీని జోలికి నువ్వు రాకమ్మాయ్."

ఆ పొగాకు చేతులు తాకినదాని జోలికి నేనెందుకు వెళ్తానులే అనుకున్నాను.

పదిహేను రోజులకు ఆ డొక్కు డబ్బా మనుషులు పడుకునే చోటులా తయారైంది. నేలకు కొత్త పట్టా, కిటికీలకు నేను కుట్టిన పసుపు గళ్ళ తెరలు, కొత్త దిళ్ళు. ఇల్లలకగానే పండగ కాదంటారు. నాలుగో పొద్దున వెళ్ళి చూస్తే డెల్ దిండుకు కన్నం, తెల్లటి దుప్పటి మీద తాజాగా పెంటికలు. టీ కప్పులో కూడా రెండు గింజలు. ఆ కప్పును నేల మీద కొట్టి పగలగొట్టాను. నాకంత కోపం అంతకుముందు మనుషుల మీద కూడా రాలేదు.

ఏటా చేపల వేట కాలం మొదలయ్యే శనివారం మా ఊళ్ళో మగ పురుగు కనిపించదు. పాదిరీ దగ్గర్నుంచి పోస్టుమాను దాకా అందరూ పడవల్లోనే ఉంటారు. రస్సెల్, ఆర్వో శుక్రవారమే వెళ్ళిపోయారు. నేను కొట్టుకెళ్ళి గిన్నెలు తోమే స్టీల్ పీచు పెద్ద సంచీడు తెచ్చాను. దాన్ని ఎలుక కొరకలేదని మా వంటశాలలో అందరికీ తెలుసు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి, బురదలో వెల్లకిలా పడుకుని, ట్రైలర్ కింద వైర్లు దూరే చోటు, నీటి గొట్టాలు దూరే చోటు, రేకు ఊడిన మూలలు, అన్నీ కూరాను. తర్వాత చుట్టూ తిరిగాను. కుడి పక్క గోడకు మోకాలెత్తున ఒక గుండ్రటి ఇనుప మూతి కనిపించింది. లోపలంతా మసి. అది ఏమిటని ఆలోచించలేదు. కన్నమైతే చాలు నాకు. రెండు పిడికిళ్ళ పీచు తీసుకుని, చీపురు కర్రతో లోపలికి పొడిచి పొడిచి బిగించాను. పొడిచినప్పుడల్లా ఒక ఎలుక గొంతు నొక్కినంత హాయిగా ఉండింది.

ఆదివారం సాయంత్రం చేపలతో దిగిన ఆర్వోకు గొప్పగా చెప్పాను. "ఒక్క కన్నం వదల్లేదు మామయ్యా!"

"అయితే ఇక ఎలక లోపలికి రావాలంటే నిన్ను తాళంచెవి అడగాలన్నమాట," అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇద్దరి ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు కంపరమెత్తుతుంది.

మే ఆఖరున, అమరుల దినం సెలవులకు, మొదటిసారి సరస్సు దగ్గరికి వెళ్ళాం. ఆ సెలవులకు మా వైపు వాన పడకపోతే వింత. శనివారం మధ్యాహ్నానికి ఎముకలు కొరికే చలి. రస్సెల్ కట్టెలు కొనడానికి ఊళ్ళోకెళ్ళాడు. నేను చేపలు వేయించిన పెనం పట్టుకుని, అల్లంత దూరాన అందరికీ కట్టిన కడుగుడు పాకకు వెళ్ళాను. నా ట్రైలర్లో గిన్నెలు కడిగే తొట్టిలో చేప జిడ్డు పడనివ్వనని ముందే శాసనం చేశాను. ఉమ్మి డబ్బా కూడా గడప బయటే ఉండాలన్నాను. ఆర్వో కిక్కురుమనకుండా బయటే పెట్టాడు. లోపల హీటరు వేసుకుని పిల్లలతో పేకాట ఆడుతున్నాడు.

పెనం తళతళలాడేదాకా తోమి, అక్కడ ఒకావిడతో ఎలుకల గురించి అరగంట చెప్పుకుని, తిరిగొచ్చి తలుపు తీశాను. కైసా నా కొత్త పట్టా మీద వాంతి చేసుకుంది. ఆర్వో మోకాళ్ళ మీద కూర్చుని ఆ జేబురుమాలుతోనే తుడుస్తున్నాడు. బల్ల మీద ఆయన ఊరేసిన చేపముక్కల సీసా మూత తీసి ఉంది.

"మళ్ళీ ఆ కంపుముక్కలు పెట్టారా నా బిడ్డకి?" అని విరుచుకుపడ్డాను. "ఆ పొగాకు వేళ్ళతోనే తీసి పెట్టుంటారు! మీరు తాకిందేదీ పిల్లలకి పెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? ఛీ! మనిషన్నాక కాస్త శుభ్రం ఉండాలి!"

"దానికి ముక్క పెట్టలేదమ్మాయ్," అన్నాడు నుదురు రుద్దుకుంటూ. మాట కాస్త ముద్దగా వచ్చింది.

"అమ్మా, తల పగిలిపోతోంది," అంది కైసా.

డెల్ కింది మంచం మీద నిద్రపోతున్నాడు. బుగ్గలు చెర్రీ పళ్ళలా ఎర్రగా ఉన్నాయి. చలిగాలికి ఎంత ముద్దుగా కందాయో అనుకున్నాను. ఆర్వో కూడా ఆ బుగ్గల వైపే చూశాడు. తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన గొంతు నేనెప్పుడూ వినలేదు.

"బయటికి! నడు! పిల్లని తీసుకుని నడు!"

కైసాను ఎత్తి నా మీదకు విసిరినంత పని చేశాడు. నేను వానలోకి వెనక్కి తూలిపడ్డాను. ఆయన లోపలికెళ్ళి డెల్‌ను భుజాన వేసుకొచ్చి తడి ఆకుల మీద పడుకోబెట్టాడు. మళ్ళీ వెళ్ళి హీటరు ఆపి, కిటికీలు బాది తెరిచాడు. బయటికొస్తూ గడప దగ్గర పడిపోయాడు. డెల్ లేవడం లేదు. చెంప మీద కొట్టాను. పేరు పెట్టి అరిచాను. ఇంకోసారి కొట్టాను. వాడు దగ్గి, ఏడుపు లంకించుకున్నాడు. ఏడుపు వింటే అంత ప్రాణం లేచొస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

పక్క డేరాల వాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. ఆర్వో గోడ పట్టుకుని లేచి, అలాగే గోడ పట్టుకుని కుడి పక్కకు నడిచాడు. వంగాడు. ఆ ఇనుప మూతిలోకి రెండు వేళ్ళు పెట్టి లాగాడు. మసి పట్టిన పీచు బారెడు వచ్చింది. దాన్ని చూశాడు. తల తిప్పి నన్ను చూశాడు. వానకోటు జేబులో పెట్టేసుకున్నాడు.

అది హీటరు పొగ బయటికి పోయే దారి. అది మూసుకుపోతే రంగూ వాసనా లేని విషవాయువు లోపలే నిండుతుందనీ, అది పట్టినవాళ్ళ బుగ్గలే అలా ఎర్రబడతాయనీ గనిలో పనిచేసినవాళ్ళకు తెలుసు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నారని సామెత చెబుతారు. నేను నా పిల్లల్ని అందులో పెట్టి మరీ బిగించాను.

ఆసుపత్రిలో పిల్లలిద్దరికీ ప్రాణవాయువు పెట్టి, భయం లేదన్నారు. ఆర్వోకు మాత్రం గుండె కొట్టుకోవడం సరిగా లేదన్నారు. రస్సెల్ తడి బట్టలతో, తెల్లబోయిన మొహంతో వచ్చాడు. ఏం జరిగిందని అడిగితే ఆర్వో మొహం మీది తొడుగు పక్కకు లాగి చెప్పాడు.

"గొట్టంలో ఎలక గూడు. వెలిగించే ముందు చూసుకోవాల్సింది నేనే."

"నువ్వు చూశానన్నావు కదా నాన్నా! నేను చూసుకున్నానని ఛాతీ విరుచుకుని చెప్పావు కదా!"

"చెప్పాను."

"నా పిల్లలు చచ్చిపోయేవాళ్ళు!"

"అవును."

"ఇక వాళ్ళ దరిదాపుల్లోకి రాకు. విన్నావా? మా గడప తొక్కకు."

"సరే," అని ఆర్వో తొడుగు మళ్ళీ మొహానికి పెట్టుకున్నాడు.

నేనక్కడే ఉన్నాను, డెల్ బూటు చేతిలో పట్టుకుని. నోరు తెరవలేదు. ఇప్పుడు కాదు, పిల్లలు ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చాక, రస్సెల్ కోపం చల్లారాక అనుకున్నాను. మా గనుల ఊళ్ళో ఎవరూ ఎవర్నీ నిలదీసి అడగరు, ఎవరూ అడగంది చెప్పరు. అదొక మర్యాదగా పెరిగాం. ఆ మర్యాద వెనక నేను బొరియలో ఎలుకలా దాక్కున్నాను.

ఆర్వో నాలుగు రోజులకు ఇంటికొచ్చాడు. కుడి చేతికి వణుకు మిగిలిపోయింది. ఆయన ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. రస్సెల్ ఆ వీధి మీదుగా వెళ్ళడం మానేసి చుట్టూ తిరిగి పనికెళ్ళేవాడు. తాత ఎందుకు రావట్లేదని డెల్ పది రోజులు అడిగి, తర్వాత అడగడం మానేశాడు.

జూన్ మధ్యలో ఒక రోజు రస్సెల్ పనికెళ్ళాక, వండిన కూర ఒక పళ్ళెంలో పెట్టుకుని ఆర్వో దగ్గరికి వెళ్ళాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని గాలానికి దారం ముడి వేయబోతున్నాడు. దారం పట్టుకున్న చేయి వణుకుతోంది. నేను నిలబడి చూస్తుండగా మూడుసార్లు తప్పింది.

"రస్సెల్‌కి చెప్పేస్తాను మామయ్యా," అన్నాను.

"ఎందుకు?"

"నేను చేసింది మీ మీద పడింది."

"నాదీ ఉంది. ఒక్క కన్నం వదల్లేదని నువ్వు నోరారా చెప్పావు. గనిలో ముప్ఫై ఏళ్ళు చేసినవాణ్ణి, మరి గాలి ఎటు పోతుందని అడగాలా వద్దా? పకపకా నవ్వాను." దారం బల్ల మీద పడేశాడు. "చూడమ్మాయ్, వాడికి నా మీద కోపమొస్తే ఇటు రావడం మానేస్తాడు. నీ మీద వస్తే, రోజూ ఆ కోపంతోనే ఇంటికి రావాలి. పిల్లలు నీ దగ్గర పెరగాలి. వదిలెయ్."

ఆ మాటకు నా గుండె మీది బండ దిగిపోయింది. ఇంటికొచ్చి గిన్నెలు కడుక్కుంటూ కూనిరాగం కూడా తీశాను. మధ్యలో నా గొంతు నాకే వినబడి, ఆగిపోయాను. ఆ జలగల గిన్నె మీద పుట్టని రోత ఆ పూట నా మీద నాకు పుట్టింది. అయినా చెప్పలేదు. ఇంకో రెండు వారాలు చెప్పలేదు.

జూన్ ఆఖరి గురువారం, రాత్రి భోజనానికి ఇంకా ఎండ ఉండగానే కూర్చున్నాం. బంగాళదుంపలు, మాంసం, గాజు కప్పుల్లో పాలు. కైసా తన కప్పును రెండు వేళ్ళతో దూరంగా నెట్టింది.

"నాకిది వద్దు. ఇది తాత తాగే కప్పు."

"అయితే ఏం?" అన్నాను.

"తాత మురికి మనిషి. చేతులు కడుక్కోడు. ఆయన వల్లే నాకూ డెల్‌కీ జబ్బు చేసింది." అంటూ ముక్కు విరిచింది. ఆ విరుపు నాదే. పై పెదవి ఒక పక్కకు లేచే తీరు కూడా నాదే. ఎనిమిదేళ్ళ పిల్ల మొహం మీద అది ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేను.

"మీ అమ్మ మొదట్నుంచీ చెబుతూనే ఉంది," అన్నాడు రస్సెల్, మాంసం కోసుకుంటూ. "నేనే వినలేదు."

"ఎలుక గూడు కాదు," అన్నాను.

"ఏమిటి?"

"ఆ గొట్టంలో ఉన్నది ఎలుక గూడు కాదు. స్టీల్ పీచు. నేనే కూరాను, మీరు చేపల వేటకి వెళ్ళినప్పుడు. తాత మురికి వల్ల ఎవరికీ ఏం కాలేదు. నా వల్ల అయింది."

రస్సెల్ చేతిలో కత్తి కదలడం ఆగిపోయింది. పిల్లలు నా వైపు, వాళ్ళ నాన్న వైపు మార్చి మార్చి చూశారు.

"నాన్నకి తెలుసా?"

"పీచు బయటికి లాగింది ఆయనే."

"అంటే ఆసుపత్రిలో నేనా మాటలు అంటున్నప్పుడు నువ్వు..."

"అక్కడే ఉన్నాను."

అతను కత్తి పళ్ళెంలో పెట్టి, లేచి బయటికెళ్ళిపోయాడు. బండి తీసుకోలేదు, నడిచే వెళ్ళాడు. కూర చల్లారింది. పిల్లలు పాలు తాగలేదు. ముప్పావుగంటకు ఇద్దరు మగాళ్ళ అడుగుల చప్పుడు మెట్ల మీద వినిపించింది. ఆర్వో లోపలికొచ్చి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా ఆయన కళ్ళు అంతకంటే ఎర్రగా ఉన్నాయి.

"బంగాళదుంపలేమైనా మిగిలాయా అమ్మాయ్?" అన్నాడు ఆర్వో.

వడ్డించాను. ఆయన వణికే చేత్తో తింటే కొన్ని బల్ల మీద పడ్డాయి. డెల్ వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చుని, ఆ పడ్డవి ఏరుకుని తిన్నాడు. నేను ఆర్వో పళ్ళెంలో ఇంకో దుంప వేశాను.

జులైలో మళ్ళీ సరస్సుకు వెళ్ళాం, ఐదుగురమూ. ఆ తర్వాత ప్రతి వేసవీ వెళ్ళాం. రస్సెల్ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, తాగినప్పుడు కూడా అనలేదు. అందరూ నన్ను అదృష్టవంతురాలంటారు.

కానీ ఆ సెప్టెంబరులో మొదటి చలిపొద్దు నేను ఇంట్లో హీటరు వేయగానే, రస్సెల్ తాగుతున్న కాఫీ పక్కన పెట్టి, బూట్లు తొడుక్కుని బయటికెళ్ళాడు. ఇంటి చుట్టూ ఒకసారి నడిచి, పొగగొట్టం దగ్గర ఆగి, లోపలికి తొంగి చూసి, తిరిగొచ్చి కాఫీ తాగాడు. పదకొండు చలికాలాలైంది. ఇప్పటికీ నా చెయ్యి ఆ మీట మీద పడితే చాలు, ఏమీ అనకుండా లేచి బూట్లు వెతుక్కుంటాడు.